పటంలో నల్లటి గడి

పదో తరగతి సోషల్‌ను చిన్న సోషల్ లాక్కున్నాడు. ఇందులో రెండో మాటకు తావు లేదు. పంతొమ్మిదేళ్లు పెద్ద సోషల్ చెప్పిన తరగతి అది. ఈ ఏడాది బడి తెరిచిన రోజున టైంటేబులు చూస్తే ఆ గడిలో ఆయన పేరు కొట్టేసి ఉంది. పైన చిన్న సోషల్ పేరు రాసి ఉంది. కొట్టేసిన గీత స్కేలు పెట్టి గీసినది. అంటే తొందరలో జరిగిన పొరపాటు కాదు, కూర్చుని చేసిన పని.

ఆ బడిలో సోషల్ చెప్పేవాళ్లు ఇద్దరు. సర్వీసులో ముందున్నాయన పెద్ద సోషల్. ఆరేళ్ల కిందట వచ్చినతను చిన్న సోషల్. పిల్లలు పెట్టిన పేర్లివి, టీచర్లూ అవే వాడతారు. పెద్ద సోషల్ భార్య పోయి మూడేళ్లయింది. అప్పటినుంచి అక్కగారు వచ్చి ఇల్లు చూసుకుంటోంది. చిన్న సోషల్‌కు మాత్రం భార్య రోజూ మధ్యాహ్నం ఒంటిగంటా పదికి ఫోను చేస్తుంది. "తిన్నారా?" అని అడుగుతుంది. అతను బాక్సు మూత తీస్తూ "ఇదిగో, తింటున్నా" అంటాడు. ఆ ఒక్క మాటకు రోజూ ఫోను ఎందుకో పెద్ద సోషల్‌కు అర్థం కాదు. ఒంటిగంటా పది అయ్యేసరికి మాత్రం చేతిగడియారం చూసుకుంటాడు.

టైంటేబులు పట్టుకుని ఆయన ఆ రోజే హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్లాడు.

"నా చేతిలో ఏముంది మాస్టారూ? పైనుంచి ఆర్డరొచ్చింది. ఆన్‌లైన్ శిక్షణలో ముందున్నవాళ్లకే పదో తరగతి ఇవ్వమన్నారు. ఇప్పటికైతే అతను చూస్తాడు. వచ్చే నెల ఆఖరి శనివారం ఆఫీసరుగారొచ్చి ఎవరికిమ్మంటే వాళ్లకే."

"ఇప్పటికి నేనే చూడొచ్చుగా?"

"పోయినేడు మీరు పటంలో నది పక్కకి జరిగిందని పదకొండు మందిని తప్పించారు. తల్లిదండ్రులొచ్చి నా గుమ్మంలో కూర్చున్నారు."

"నది పక్కకి జరిగితే ఊళ్లు మునుగుతాయి మేడం," అని ఆయన బయటికి వచ్చేశాడు.

ఆ తర్వాత మూడో సోమవారం పొద్దున ఆయన అనుకున్నది చిన్న పనే. మొదటి పీరియడ్ ఖాళీ. కంప్యూటరు గదికి వెళ్లాలి, శిక్షణ సైటు తెరవాలి, తాను ముందున్నానని ఒకసారి చూసుకోవాలి, వచ్చి టీ తాగాలి. మొత్తం పది నిమిషాలు.

తప్పనిసరి కోర్సులు మూడు: పటాల బోధన, స్థానిక చరిత్ర సేకరణ, ప్రశ్నపత్రాల తయారీ. వీడియోలు చూడాలి, ప్రశ్నలకు జవాబులివ్వాలి, చివర ఒక పాఠం రాసి పంపాలి. ఆయన మూడూ రెండు వారాల్లో ముగించాడు. వీడియోలో మాట్లాడే ఆవిడ ప్రతి మాటనూ నోటుబుక్కులోకి ఎక్కించాడు. మధ్యలో ఆవిడ దగ్గితే, మాటేమైనా పోయిందేమోనని వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు.

సైటులో ఒక పటం ఉంది. అందులో ఒక్కో బడి ఒక్కో ముక్క. ముక్క మీద నొక్కితే ఆ బడి టీచర్లంతా గడులుగా విడిపోతారు. గడులకు నీలం రంగు వేశారు, కొన్నిటికి లేతగా, కొన్నిటికి ముదురుగా. పెద్ద సోషల్ తన గడి వెతుక్కున్నాడు. తెల్లగా ఉంది. ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. పక్కనే చిన్న సోషల్ గడి. చిక్కటి సిరా రంగులో నిగనిగలాడుతోంది.

పటం అడుగున ఒక మూల చిన్న బాణం గుర్తు, దాని పక్కన 'సూచిక' అన్న మాట ఉన్నాయి. ఆయన దాన్ని నొక్కలేదు. సూచికలు పిల్లలకు. వర్షం ఎక్కువ పడేచోట ముదురు రంగు, జనం ఎక్కువున్నచోట ముదురు రంగు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన చెబుతున్న పాఠం ఇదే. అంటే చిన్న సోషల్ బోలెడు శిక్షణ పొందాడు. తానింకా మొదలే పెట్టలేదని ఈ యంత్రం అనుకుంటోంది.

ఆయన టీ సంగతి మరిచిపోయాడు.

స్టాఫ్ రూములో చిన్న సోషల్ ఫ్యాను కింది కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాడు. కళ్ల కింద నల్లగా ఉంది. పెద్ద సోషల్‌ను చూసి లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, సైటులో పటం చూశారా?"

"చూశా."

"నా గడి కూడా చూసే ఉంటారు." అతను తల దించుకున్నాడు. "సిగ్గుగా ఉంది మాస్టారూ. మీకేం, మీది మల్లెపువ్వులా ఉంది."

పెద్ద సోషల్ ఆ మాటను రెండుసార్లు లోపల తిప్పి చూసుకున్నాడు. సిగ్గట. మల్లెపువ్వట. మనిషిని కిందపడేసి పైన పువ్వు పెట్టడమంటే ఇదే.

"సంతోషం," అని బయటికి నడిచాడు.

మధ్యాహ్నం మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుని సైటంతా గాలించాడు. తప్పనిసరివి కాక ఇష్టమున్నవాళ్లు చేసుకునే కోర్సులు నలభై దాకా ఉన్నాయి. మొదట కనబడింది 'బడి తోట పెంపకం'. దాని కింద 'చేరండి' అన్న బొత్తాం. నొక్కాడు. పటం తెరిచి చూస్తే ఆయన గడి మీద సన్నగా నీలం పాకింది. ఇంకోటి నొక్కాడు, 'ప్రయోగశాలలో జాగ్రత్తలు'. ఇంకో పొర నీలం. ఆయనకు కిటుకు దొరికింది.

ఆ సాయంత్రం బడి గంట కొట్టేలోపు పెద్ద సోషల్ గ్రంథాలయ నిర్వహణలో, చేతిబొమ్మలతో కథలు చెప్పడంలో, వ్యాయామ విద్యలో, పిల్లల పెంపకంపై తల్లిదండ్రులకు సలహాలివ్వడంలో చేరిపోయాడు. చివరి దానిలో ఫోను నంబరు అడిగితే ఇంటి నంబరు ఇచ్చాడు.

మరునాడు పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. కోర్సులో చేరినవాళ్ల నంబర్లను సాధన కోసం చుట్టుపక్కల బళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఇస్తారని ఆయన చదువుకోలేదు. ఆయన స్నానంలో ఉన్నాడు. అక్కగారు ఫోను తీసింది.

"ఏంటమ్మా, పిల్లాడు తినడం లేదా? ప్లేటు తీసెయ్. ఆ, తీసేసి నువ్వు తిను. వాడి ఎదురుగానే తిను. వాడే వస్తాడు... లేదమ్మా, కోర్సేంటో నాకు తెలీదు, నేను నలుగుర్ని పెంచాను."

మూడు రోజుల్లో ఆవిడకు ముప్పై ఫోన్లొచ్చాయి. నాలుగో రోజు పెద్ద సోషల్ ఫోను తీస్తే అవతలావిడ "మీరు కాదండీ, మేడం లేరా?" అంది. ఉన్నారని చెప్పి ఆయన ఫోను అక్క చేతిలో పెట్టాడు. తన ఇంట్లో, తన కోర్సులో, తన పేరు మీద వచ్చిన ఫోనులో తనను కాదన్నారు. అక్క కుర్చీ లాక్కుని, కాళ్లు చాపుకుని మాట్లాడుతుంటే ఆయన పక్కన నిలబడి చూశాడు. ఇన్నేళ్లలో ఏ పిల్లవాడి తల్లీ ఆయన్ని సలహా అడగలేదు.

ఆ రోజు బడికెళ్లి పటం తెరిస్తే ఆయన గడి ఒక మెట్టు తెల్లబడి ఉంది. వెతగ్గా వెతగ్గా సలహాల కోర్సు పక్కన 'ముప్పై ఫోన్లు, పూర్తయింది' అని కనబడింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అక్క ముందు నిలబడ్డాడు.

"నీ మూలంగా కోర్సు అయిపోయింది."

"మంచిదేగా రా!"

"మంచిది కాదు. అయిపోయినవాటిని వాళ్లు లెక్కలోంచి తీసేస్తున్నారు. నా గడి వెలిసిపోయింది."

"పని పూర్తి చెయ్యడం తప్పా?"

"అక్కడ తప్పే. ఇంకెవరికీ ఏమీ చెప్పకు. పిల్లలు తినకపోతే తినకపోనీ."

అక్కగారు ఆయన ముఖంలోకి చూసింది. "ఒరే తమ్ముడూ, నీకు పని మీద కోపమా, ఆ కుర్రమాస్టారి మీద కోపమా?"

"అతని పేరు ఈ ఇంట్లో ఎత్తకు."

"నాకతని పేరే తెలీదు. చిన్న సోషల్ అనేగా నువ్వూ అంటావు."

ఆ రోజు నుంచి ఆయన ఏ కోర్సునూ ముగించే దాకా పోనివ్వలేదు. చేరడం, వదిలేయడం. మిగిలిన చిక్కల్లా నేరుగా జరిగే తరగతులది. వాటికి హాజరు కాకపోతే పేరు కొట్టేస్తారని ఉంది. వ్యాయామ విద్య తరగతి బుధవారం మూడో పీరియడ్‌లో పడింది. పెద్ద సోషల్ స్టాఫ్ రూములో ఫోనును అల్మరాకు ఆనించి నిలబెట్టి, తెరమీది మనిషి చెప్పినట్టు రెండు చేతులూ పైకెత్తి గుంజిళ్లు తీస్తుండగా డ్రిల్లు మాస్టారు లోపలికొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటి మాస్టారూ ఇది? నా సబ్జెక్టు కూడా మీరే తీసుకుంటారా?"

"శిక్షణ," అన్నాడు పెద్ద సోషల్ కిందికి కూర్చుంటూ.

"ఎందుకు?"

"గడి," అన్నాడు పైకి లేస్తూ. "గడి ముదరాలి."

డ్రిల్లు మాస్టారు మంచి మనిషే. కానీ విజిలు తనది, మైదానం తనది అనుకుంటూ బతికినవాడు. గంట గడవకముందే ఆయన స్థానిక చరిత్రలో చేరాడు. ఆయన చేరాడని లెక్కల మాస్టారు చేరాడు. లెక్కల మాస్టారు తొమ్మిదింటిలో చేరాడని తెలిసి సైన్సు టీచరు పదింటిలో చేరింది. ముదురంటే మంచిదని అందరికీ చెప్పింది పెద్ద సోషలే. పటం చదవడం సోషల్ వాళ్ల పని కాబట్టి ఇంకెవరూ అనుమానపడలేదు.

అనుమానించగలిగినవాడు ఒక్కడే. అతను శుక్రవారం మళ్లీ వచ్చాడు.

"మాస్టారూ, ఒక్క నిమిషం. ఆ పటం గురించే. మీరు అన్నిట్లో చేరుతున్నారని విన్నాను, అది..."

"భయపడుతున్నావా?"

"భయం కాదు మాస్టారూ, అది మీకే..."

"నాకేం కావాలో నాకు తెలుసు. నువ్వెళ్లి పదో తరగతి చూసుకో. ఆఖరి శనివారం దాకా నీదేగా."

చిన్న సోషల్ వెళ్లిపోయాడు. మరుసటి సోమవారం ఆదివారమంతా నిద్రపోయి లేచిన మనిషిలా తేలికగా కనబడ్డాడు. పటంలో అతని గడి కూడా తేలికపడింది. సిరా రంగు కాస్తా ఆకాశపు రంగైంది. పెద్ద సోషల్ కంప్యూటరు ముందు కూర్చుని చాలాసేపు ఆ గడినే చూశాడు. జారుతున్నాడు. జారుతూ నవ్వుతున్నాడు. తన గడి ఇప్పుడు నీలం కూడా కాదు. నల్లగా, పలకలా ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటా పదికి చిన్న సోషల్ ఫోను మోగింది. ఆ రోజు పెద్ద సోషల్ గడియారం చూసుకోలేదు.

ఆ వారంలోనే హెడ్‌మిస్ట్రెస్ కూడా పటం తెరిచింది. చుట్టూ ఉన్న బళ్లన్నీ వెలవెలబోతూ ఉంటే తన బడి ఒక్కటే మధ్యలో కాటుక చుక్కలా ఉంది. పెద్ద సోషల్‌ను పిలిపించింది.

"ఇదేంటి మాస్టారూ?"

"మన ప్రగతి మేడం. ముదురు ఉన్నచోట ఎక్కువ ఉన్నట్టు."

"అంటే మొత్తం ప్రాంతంలో మనమే...?"

"మనమే."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. పదో తరగతి విషయంలో తొందరపడ్డానేమోనని కూడా ఒక మాట అంది. ఆ మాట విన్నాక పెద్ద సోషల్ ఆ సాయంత్రం ఇంకో నాలుగింటిలో చేరాడు. ఆవిడ పటాన్ని, పక్కన తమ బడి గడులతో సహా, తలుపంత పెద్ద కాగితం మీద రంగుల్లో అచ్చు వేయించి ఆఫీసు గది బయట గోడకు అంటించింది. ఆఫీసరుగారికి ఉత్తరం కూడా రాసింది. శనివారం వచ్చినప్పుడు మిగతా పనులెలా ఉన్నా ముందు తమ పటం చూడమని కోరింది.

ఆఫీసరుగారు శనివారం పదింటికే వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో ఫైలు, గొంతు పెద్దది కాదు. స్టాఫంతా వరండాలో వరసగా నిలబడ్డారు. పెద్ద సోషల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదట నిలబడ్డాడు. ఆఫీసరు గోడ ముందు ఆగి, కాగితం మీది నల్లటి చుక్కను చూశాడు. వంగి దగ్గరగా చూశాడు.

"ఇంత నలుపు నేనెక్కడా చూడలేదమ్మా."

"థాంక్యూ సర్," అంది హెడ్‌మిస్ట్రెస్.

ఆఫీసరు ఆవిడ వైపు వింతగా చూశాడు. "మొన్నటిదాకా బాగానే ఉందిగా ఈ బడి. మూడు వారాల్లో ఇలా ఎలా అయింది?"

"అంతా మా పెద్ద సోషల్ మాస్టారి చలవండీ. ఆయనే దారి చూపించారు."

"ఎవరాయన?"

పెద్ద సోషల్ ఒక అడుగు ముందుకు వేశాడు. "నేనేనండి."

"అన్నిటికంటే నల్లగా ఉన్న ఈ గడి మీదేనా?"

"నాదేనండి."

"ఒక్క మనిషే ఇన్ని?"

"మొదట నేనొక్కణ్ణేనండి. తర్వాత వీళ్లంతా నన్ను చూసి నేర్చుకున్నారు." కొంచెం ఆగి, న్యాయంగా ఉండాలని, "చిన్న సోషల్ తప్ప," అన్నాడు. "అతను మొదట్లో బాగానే ఉండేవాడండి. ఈమధ్యే వెనకబడ్డాడు."

ఆఫీసరు ఫైలులోంచి తన ట్యాబు తీశాడు. అదే పటం తెరిచాడు. అడుగున మూల ఉన్న చిన్న బాణం గుర్తు మీద వేలితో ఒక్కసారి తట్టి, తెరను అందరికీ కనబడేలా తిప్పి పట్టుకున్నాడు. సూచిక తెరుచుకుంది. తెలుపు: మిగిలిన పని ఏమీ లేదు. లేత నీలం: ఒకటి, రెండు కోర్సులు మిగిలి ఉన్నాయి. సిరా నీలం: మూడు, ఆపైన. అలా దిగుతూ దిగుతూ అట్టడుగున నలుపు: ఇరవైకి మించి మిగిలి ఉన్నాయి.

వరండాలో సైన్సు టీచరు వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.

"చేరినవన్నీ పూర్తి చేసేదాకా ఈ బడిలో ఎవరికీ సెలవు ఉండదు," అన్నాడు ఆఫీసరు. "ఇక పదో తరగతి సంగతి. ఈ మాస్టారికి మిగిలినవి ఇరవై ఏడు. రెండో ఆయనకి ఒకటి. రెండో ఆయనే చెప్తారు."

"అయ్యా, నాకొద్దండీ!" చిన్న సోషల్ ముందుకొచ్చాడు. "పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్పెషల్ క్లాసు. ఇంటికెళ్లేసరికి మా పాప పడుకుని ఉంటోంది. శిక్షణ చెయ్యడానికి టైమే దొరకలేదండీ. శనివారం వస్తే తరగతి మళ్లీ మాస్టారిదేనని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. మూడో సోమవారానికి ఆయనకి ఒక్కటి కూడా మిగల్లేదండీ!"

"నిజమా?" ఆఫీసరు వేలితో ఏదో జరిపి చూశాడు. "నిజమే. ఆ సోమవారానికి మొత్తం ప్రాంతంలో అన్నీ పూర్తి చేసింది ఈయనొక్కరే." పెద్ద సోషల్ వైపు తిరిగాడు. ఈసారి గొంతులో కోపం లేదు. "ఆ రోజు కంప్యూటరు కట్టేసి వెళ్లి టీ తాగి ఉంటే సరిపోయేది మాస్టారూ. తరగతి మీదే."

హెడ్‌మిస్ట్రెస్ ముందుకెళ్లి గోడ మీది కాగితాన్ని ఒక అంచు పట్టి లాగింది. సగం వచ్చి, సగం గోడకే ఉండిపోయింది. నల్లటి సగం ఉండిపోయింది.

చిన్న సోషల్ పక్కకి వచ్చి నిలబడ్డాడు. "రెండుసార్లు చెప్పబోయాను మాస్టారూ."

"గట్టిగా చెప్పాల్సింది," అన్నాడు పెద్ద సోషల్.

ఇంటికెళ్తే అక్కగారు ఫోనులో ఎవరికో పిల్లాడి అలక తీర్చే పద్ధతి చెబుతోంది. తమ్ముడి ముఖం చూసి, "మళ్లీ చేస్తానమ్మా, మా ఇంట్లోనే ఒకడున్నాడు," అని ఫోను పెట్టేసింది. ఆయన అన్నం తినకుండా గదిలోకి వెళ్లాడు. ఆవిడ కంచం తీసేసి, తాను కూర్చుని తినడం మొదలుపెట్టింది. పావుగంటకు ఆయనే వచ్చి కూర్చున్నాడు.

ఇప్పుడు ఆయనకు ఆరో తరగతి ఇచ్చారు. సాయంత్రాలు కంప్యూటరు గదిలో మొత్తం స్టాఫంతా వరసగా కూర్చుని తోటల గురించీ బొమ్మల గురించీ వీడియోలు చూస్తున్నారు. మొదటి వారం లెక్కల మాస్టారు పక్కకి వంగి, "మాస్టారూ, ఆ సూచిక అప్పుడే నొక్కి ఉంటే..." అని మొదలుపెట్టాడు. అప్పట్నుంచి లెక్కల మాస్టారితో ఆయనకు మాటల్లేవు. సైన్సు టీచరుతోనూ లేవు. చిన్న సోషల్‌తో ముందునుంచే లేవు. డ్రిల్లు మాస్టారొక్కడు మిగిలాడు. విషయం ఆయనకింకా బోధపడలేదు. రోజూ వచ్చి, "నలుపంటే మంచిదేగా మాస్టారూ?" అని అడుగుతాడు.

ఆ సంగతి ఇంక తన నోట రాదని పెద్ద సోషల్ ఒకసారి చెప్పాడు. రెండోసారి అదీ చెప్పలేదు.